పుణ్యవతి గారి వాక్యం ఇల్లు ఖాళీ చేసింది

లిఫ్టు తలుపు ఎప్పుడు మూసుకోవాలన్న ప్రశ్నకు మానవజాతి తరఫున తెల్లాపూర్‌లోని మా అపార్ట్‌మెంట్ సమాధానం రాసిపెట్టింది. ఇంటికో వాక్యం చొప్పున అందరూ కలిసి ‘లిఫ్టు ప్రమాణాల పత్రం’ తయారుచేశారు. అందులో ఎలా ఉంటే లిఫ్టును అలా నడిచేలా పెడతారు. అందులో నా స్నేహితురాలు పుణ్యవతి గారిది ఇది: “ముసలివాళ్లు లోపలికొచ్చి కడ్డీ పట్టుకున్నాకే తలుపు మూసుకోవాలి.” నా మోకాళ్లు ఆ వాక్యం మీదే బతుకుతూ వచ్చాయి.

పత్రానికి కాపీరైటు ఉండాలని కార్యదర్శి సురేంద్ర హైటెక్ సిటీలోని తన ఆఫీసు సాఫ్ట్‌వేర్ లైసెన్సు షరతులు తెచ్చి అతికించాడు. (చదివావా బాబూ అంటే, “లైసెన్సు ఎవరూ చదవరాంటీ, ఒప్పుకుంటారంతే” అన్నాడు.) దాని ప్రకారం ఎవరి వాక్యం వారి సొత్తు. వాళ్లు ఇక్కడ కాపురమున్నంత కాలమే మనం వాడుకోవచ్చు.

పోయిన నెల పుణ్యవతి గారు పుప్పాలగూడకు ఇల్లు మారారు. (నా వయసులో స్నేహితులు వెళ్లే చోట్లు రెండే. పుప్పాలగూడ నయం.) సామాన్ల లారీ వెనకే పత్రంలోంచి ఆవిడ వాక్యాన్నీ సురేంద్ర తీసేశాడు. మర్నాడే తలుపు నా కొంగు పట్టుకుంది.

“జర జల్ది ఎక్కాలమ్మా, ఇప్పుడు గట్లనే రాసిండ్రంట” అన్నాడు వాచ్‌మన్ లింగయ్య.

సురేంద్ర దగ్గరికి వెళ్లాను. “ఆవిడ చేత ఫోన్‌లో ఒప్పుకున్నానని చెప్పిస్తాను.”

“చెల్లదాంటీ. మన అపార్ట్‌మెంట్ యాప్‌లో ఒప్పుకోవాలి. ఖాళీ చేసినవాళ్లకి యాప్ తీసేస్తాం.”

“పోనీ అదే సంగతి నేను రాస్తా.”

“మీరు ఆవిడ వాక్యం విన్నారు కదా, కాపీ అవుతుంది. ఆవిడెవరో తెలియనివాళ్లు రాయాలి.”

ఆవిడ మాగాయ తినని ఇల్లు మా దగ్గర లేదు. చివరికి ఆవిడ ఫ్లాట్‌లోకే కొత్తగా దిగిన జశ్వంత్ దొరికాడు. ఏం రాయాలో అతనికి చెప్పకూడదు. అందుకని మీటింగులో అతని ఎదురుగా కూర్చుని మోకాళ్లు నొక్కుకున్నాను. అతను రాశాడు: “తలుపు వెంటనే మూసుకోవాలి. ఆఫీసుకు లేటవుతోంది.”

కాపీరైటు చిక్కేమీ లేదని చప్పట్లు కొట్టి ఆమోదించారు.

ఆదివారం పుణ్యవతి గారు చూడ్డానికొచ్చారు. వెళుతూ లిఫ్టులోంచి, “వదిన గారూ, అసలు మాట చెప్పనేలేదు” అన్నారు. తలుపు ప్రమాణం ప్రకారం మూసుకుంది.

సాయంత్రం ఫోన్ చేస్తే, “ఏమనబోయానో గుర్తు రావడం లేదండీ” అన్నారు.

ఆ మాట నేను వినలేదు. కాబట్టి దాన్ని నాకు తోచినట్టు రాసుకోవడానికి లైసెన్సు అడ్డు రాదు.