అత్యున్నత భద్రతలో ఒక అట్టపెట్టె

థోర్న్‌బెక్ అండ్ థోర్న్‌బెక్ లాయర్ల ఆఫీసులో అట్టపెట్టె పోయింది ఏప్రిల్ మూడో శనివారం నాడు. బుధవారం వచ్చిన వారపత్రికలో సంస్థ ప్రకటన మొదటి పేజీలోనే పడింది.

"పెట్టె పోయిందన్న పుకార్లు నమ్మవద్దు. మా క్లయింట్ల వ్యక్తిగత సమాచారం ఇప్పుడు అత్యున్నత స్థాయి భద్రతకు చేరుకుంది. అది ఎక్కడుందో ఏ దొంగకీ తెలియదు. ఏ హ్యాకర్‌కీ తెలియదు. మాకు కూడా తెలియదు. ఇంతటి గోప్యత మన కౌంటీలో ఇదే మొదటిసారి."

కింద రాయిస్ థోర్న్‌బెక్ గారి సంతకం ఉంది. ఇద్దరు థోర్న్‌బెక్‌లలో మిగిలింది ఆయనే. తండ్రిగారు పోయి పదేళ్లయింది. బోర్డు మీద ఆ పేరు తీసేస్తే ఆయన పోయారన్న వ్యక్తిగత సమాచారం బయటికి పొక్కుతుందని కొడుకు తీయించలేదు. అంత నిష్ఠ గల మనిషి కాబట్టే ఈ ఏడాది రాష్ట్ర సెనేట్‌కి పోటీ చేస్తున్నారు. నినాదం కూడా ఆయనే రాసుకున్నారు: మీ రహస్యం నా ప్రాణం.

ఆల్బినా క్లిమెష్ ఆ ప్రకటన వంటింట్లో కూర్చుని రెండుసార్లు చదివింది. హాస్కెట్ బడి క్యాంటీన్లో ముప్ఫై ఏళ్లు వంట చేసి రిటైరయిన మనిషి. అర్థం కానిదాన్ని రెండోసారి చదివితే అర్థమవుతుందని ఆవిడ నమ్మకం. ఈసారి కాలేదు.

పోయిన పెట్టె మీద 'కె నుంచి ఎమ్ దాకా' అని రాసి ఉంటుంది. క్లిమెష్‌ల కాగితాలన్నీ అందులోనే. వాటిలో ఒక కవరు ఉంది, ఆవిడ భర్త లూమిర్ తన చేత్తో అంటించింది. లూమిర్ ఫిబ్రవరిలో పోయాడు. గాలిమరల పంపులు బాగుచేసేవాడు, పంపుతో మాట్లాడినంత కూడా మనిషితో మాట్లాడేవాడు కాదు. ఒకసారి మాత్రం సూప్ తాగుతూ అన్నాడు:

"నా సమాధి రాయి మీద ఏం చెక్కాలో రాసి లాయరు దగ్గర పెట్టాను."

"నాకు చెబితే ఏం?"

"వాదిస్తావు."

వాదించేదే. అందుకే ఆవిడ మళ్లీ అడగలేదు.

రాళ్లు చెక్కే వోండ్రా మే పదిహేనులోపు వాక్యం ఇమ్మన్నాడు. మెమోరియల్ డే నాడు ఊరంతా పువ్వులు పట్టుకుని శ్మశానానికి వస్తుంది. ఆ రోజుకి రాయి నిలబెట్టాలి.

పెట్టె పోయిన ఆ శనివారం సంస్థవారి వార్షిక కాగితాల దినం. పాతకాగితాలు ఎవరు తెచ్చినా, ఆఫీసు ముందు ఆగిన పెద్ద లారీ వాటిని పొట్టు కింద నమిలేస్తుంది. జనానికి కాఫీ ఉచితం, రాయిస్ గారి కరచాలనం కూడా ఉచితం. సాయంత్రం లారీ వెళ్లిపోయాక చూస్తే షెల్ఫులో 'కె నుంచి ఎమ్' ఉండాల్సిన చోట గోడ కనిపించింది.

గురువారం ఆల్బినా ఆఫీసుకి వెళ్లింది. లోపల నేల మీద కొత్తగా పసుపుపచ్చ గీత ఒకటి గీశారు. దాని పేరు గోప్యతా గీత. ఒకరి రహస్యం ఇంకొకరి చెవిన పడకుండా, వచ్చినవాళ్లు కౌంటరుకి పన్నెండు అడుగుల దూరంలో ఆ గీత దగ్గరే ఆగాలి. అంత దూరం నుంచి మామూలుగా మాట్లాడితే వినపడదు కాబట్టి అరవాలి. కుర్చీల్లో ఆరుగురు కూర్చుని ఉన్నారు. అరుపులు మొదలుకాగానే మర్యాదగా పత్రికలు మూసి ఒళ్లో పెట్టుకున్నారు.

కౌంటరులో ఉన్నది ఆర్డిత్. ఆల్బినాకి పెద్దమ్మ కూతురు.

"పేరు చెప్పండి!" అని అరిచింది ఆర్డిత్.

"నేనే అక్కా."

"నేనే అనే పేరుతో జాబితాలో ఎవరూ లేరు. పూర్తి పేరు!"

"ఆల్బినా క్లిమెష్!"

"మీ అమ్మగారి పుట్టింటి పేరు?"

"మీ అమ్మగారి పుట్టింటి పేరే! ఇద్దరూ సొంత అక్కచెల్లెళ్లు కదా!"

ఆర్డిత్ పెన్ను కింద పెట్టేసింది. "చూశావా! నా వ్యక్తిగత సమాచారం నలుగురిలో పెట్టేశావు."

"పేరు చెప్పలేదుగా అక్కా."

"హ్రూష్కా," అని వెనక కుర్చీలోంచి పోస్టుమాస్టరు అందించాడు. "వీళ్లమ్మలిద్దరూ హ్రూష్కా వాళ్లు. వాగు పక్క ఇల్లు."

"థాంక్యూ," అని ఆర్డిత్ రాసుకుంది. "ఇప్పుడు చెప్పండి. ఏం కావాలి?"

"లూమిర్ కవరు."

"క్లయింటు ఆయన. ఆయన రాతపూర్వక సమ్మతి కావాలి."

"ఆయన పోయాడు అక్కా. అంత్యక్రియల భోజనాలకి గసగసాల కొలాచీ బన్నులు నువ్వే చేశావు. పన్నెండు డజన్లు."

ఆర్డిత్ కళ్లు ఒక్క క్షణం తడిశాయి. తుడుచుకుని మళ్లీ గొంతు పెంచింది. "అక్కగా నాకు తెలుసే. సంస్థగా మాత్రం ఆ సంగతి ధ్రువీకరించలేను, ఖండించలేను."

"ఏ సంగతి?"

"ఆయన ఉన్నాడనీ, పోయాడనీ."

గీత దాకా నేల మీద ఒక ఫారం జార్చింది. అడుగున 'క్లయింటు సంతకం' అన్న చోట ఎర్ర ఇంటూ గుర్తు పెట్టి ఉంది.

"తొందరేం లేదు," అంది ఆర్డిత్ మెత్తగా, అరుస్తూనే. "ఆయనకి వీలైనప్పుడే."

తర్వాతి వారం రాయిస్ గారు ఇంకా పెద్ద చర్య తీసుకున్నారు. పెట్టెలో ఎవరి కాగితాలున్నాయో వాళ్లకి సంస్థ ఉత్తరం రాయాలని చట్టం. అయితే ఉత్తరం అందుకున్నవాళ్లు తమ క్లయింట్లని లోకానికి తెలిసిపోతుంది కదా? అందుకని ఊళ్లో ప్రతి ఇంటికీ, కౌంటీలో ప్రతి పొలానికీ ఒకే ఉత్తరం పంపారు.

"మీరు మా క్లయింటు కావచ్చు, కాకపోవచ్చు. మీ సమాచారం పోయి ఉండవచ్చు, ఉండకపోవచ్చు. నిర్ధారణ కోసం మీ పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరు, మీ అమ్మగారి పుట్టింటి పేరు, మీ మొదటి కుక్క పేరు వెంటనే రాసి పంపగలరు."

జనం రాసి పంపారు. కొందరు పోస్టుకార్డు మీద రాశారు. ముసలి డ్వోరాక్ అయితే మూడు కుక్కల పేర్లూ రాసి, మొదటిదేదో తనకి జ్ఞాపకం లేదని, సంస్థవారికేమైనా తెలిస్తే చెప్పమని కోరాడు. పదిరోజుల్లో ఆఫీసు నడవా అంతా కొత్త పెట్టెలతో నిండిపోయింది. ఇంత మంది వ్యక్తిగత సమాచారం చేతిలో ఉన్న సంస్థ ఆ చుట్టుపక్కల ఇంకోటి లేదు.

ఆల్బినా కూడా రాసి పంపింది. కుక్క పేరు దగ్గర ఆగి, కింద చిన్న అక్షరాలతో, 'కవరు దొరికితే ఫోన్ చేయండి' అని రాసింది.

ఫోన్ వచ్చింది, రాయిస్ గారే చేశారు.

"శుభవార్త ఆల్బినా గారూ! పెట్టె సంగతి తేలిపోయింది."

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. "దొరికిందా అండీ?"

"అంతకన్నా మంచిది. నాశనమైంది! లారీ కంపెనీవాళ్లు సర్టిఫికెట్ పంపారు. ఆ రోజు లారీలో పడ్డదేదైనా సంపూర్ణంగా నాశనమైందని రాసిచ్చారు. ఇక మీ కవరు ఎవ్వరూ చదవలేరు."

"నేను కూడానా అండీ?"

"మీరు కూడా! అదీ భద్రతంటే."

ఆవిడ ఫోన్ పెట్టేసింది. లూమిర్ ఏం రాసి ఉంటాడో ఊహించడం మొదలుపెట్టి, ప్రతి ఊహతోనూ వాదించింది. ఏ ఒక్కటీ ఆయన మాటలా లేదు. వోండ్రాకి ఫోన్ చేసి, పేరూ, పుట్టిన సంవత్సరమూ, పోయిన సంవత్సరమూ మాత్రం చెక్కమంది.

"అంతేనా?" అన్నాడు వోండ్రా. "రాయి పెద్దది, తల్లీ. అడుగున బోలెడంత చోటు మిగులుతుంది."

"మిగలనీ."

నవంబరు ఎన్నికకి ఇద్దరిని ఎంచే ప్రైమరీకి నాలుగు రోజుల ముందు సోకోల్ హాల్లో రాయిస్ గారి పెద్ద సభ జరిగింది. ఆయన ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు. ప్రత్యర్థి ఓల్ట్‌మన్ పాడిరైతు, ఆరడుగుల నాలుగంగుళాలు. ఎత్తు వ్యక్తిగత సమాచారం కాబట్టి ఓల్ట్‌మన్ ఆ విషయం ఏ సభలోనూ ఎత్తలేదు. వచ్చి పక్కన నిలబడేవాడు, అంతే.

ఆల్బినాకి కాస్త చెవుడు. మొదటి వరుసలో, ఓ చివర కూర్చుంది.

"ఈ మూడు వారాల్లో," అన్నారు రాయిస్ గారు, "పదకొండు వందల మంది తమ తల్లుల పుట్టింటి పేర్లు నా చేతిలో పెట్టారు! ఓల్ట్‌మన్‌కి ఎంతమంది చెప్పారు? ఒక్కరైనా చెప్పారా?"

హాలు చప్పట్లతో మోగిపోయింది. ఆయన సర్టిఫికెట్ పైకెత్తి చూపించారు. "పోయిందన్నారే, ఆ పెట్టె! ఇదిగో, నాశనమైంది! రుజువుతో సహా!"

మళ్లీ చప్పట్లు. ఆల్బినా చప్పట్లు కొట్టలేదు. ఆవిడ ఉన్న చోటు నుంచి రాయిస్ గారు నిలబడ్డ ప్రసంగ బల్ల వెనక భాగం కనిపిస్తోంది. ఆవిడ రాయిస్ గారి బూట్ల కేసి చూస్తోంది. బూట్లు ఒక అట్టపెట్టె మీద ఉన్నాయి. పెట్టె పక్కన ఎర్ర సిరాతో 'కె నుంచి ఎమ్ దాకా' అని రాసి ఉంది.

ఆవిడ లేచి నిలబడింది. "రాయిస్ గారూ, మీరు మా ఆయన మీద నిలబడ్డారు."

రాయిస్ గారు కిందికి చూశారు. వెంటనే తేరుకుని పైకి చూశారు.

"అమ్మా, ఆ పెట్టె నాశనమైందని మీ కళ్లముందే సర్టిఫికెట్ చూపించాను. నాశనమైన పెట్టె మీద మనిషి నిలబడగలడా?"

"నిలబడ్డారు కదండీ."

"కాబట్టి ఇది మనది కాదు! ఎవరిదో తెలియని పెట్టె మూత తీయడమంటే వాళ్ల గోప్యత మీద దాడి. నా కంఠంలో ప్రాణముండగా తీయనివ్వను!"

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆల్బినా వెనక్కి తిరిగి ఆర్డిత్ కోసం వెతికింది. మూడో వరుసలో ఉంది.

"అక్కా, అది నీ చేతిరాతే కదా?"

ఆర్డిత్ మెడ సాచి చూసింది. రెండుసార్లు చూసింది. "నా చేతిరాత నా వ్యక్తిగత సమాచారం ఆల్బినా," అంది చివరికి. ఆ తర్వాత తల వంచుకుని చేతిసంచీలో ఏదో వెతుక్కుంది. ఏమీ తీయలేదు.

ఆల్బినా మెట్లెక్కి వేదిక మీదికి వెళ్లింది. "ఒక్కసారి దిగండి బాబూ. ఒక్క కవరే. తీసుకుని వెళ్లిపోతాను."

పత్రికవాడు కెమెరా ఎత్తాడు. రాయిస్ గారు ఫొటోకి నవ్వుతూనే మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి ఆవిడ వైపు వంగారు.

"నవంబరు దాకా దిగలేనండీ," అన్నారు.

ఆ సాయంత్రం ఆయన అన్న మాటల్లో హాలుకి వినపడనిది అదొక్కటే.

సభ అయ్యాక ప్రచార మేనేజరు పెట్టెను భుజానికెత్తుకుని వ్యానులో పెట్టాడు. ఆల్బినా వ్యాను దాకా వెళ్లింది. ఆయన చాలా మర్యాదస్తుడు. తలుపు వేసేముందు ఆవిడ వేళ్లు అడ్డం లేవని చూసుకుని మరీ వేశాడు.

రాయిస్ గారు ప్రైమరీలో నెగ్గారు. ఓల్ట్‌మన్ కూడా రెండో స్థానంలో నిలిచాడు కాబట్టి నవంబరులో ఇద్దరికీ మళ్లీ పోటీ. ఈలోగా పెట్టెకి నాలుగు వైపులా నీలం తివాచీ అంటించారట. ఇప్పుడు చాలా హుందాగా ఉందని పత్రిక రాసింది.

మెమోరియల్ డే నాటికి వోండ్రా రాయి నిలబెట్టాడు. ఊరివాళ్లు వచ్చారు, పువ్వులు పెట్టారు. పేరు కింద ఖాళీ చూసి, లూమిర్ తక్కువ మాట్లాడేవాడు కదా, బాగా కుదిరిందని మెచ్చుకున్నారు. ఆల్బినా అలా కాదని ఒక్కొక్కరికీ చెప్పింది. ఆయన ఏదో చెప్పాడు, ఆ మాట నాకింకా అందలేదు అంది.

నవంబరు దాకా రాయిస్ గారికి ఇంకా అరవై రెండు సభలున్నాయి. వోండ్రా ఉలి తుడిచి లోపల పెట్టుకున్నాడు. రాయి మీద లూమిర్ పేరు కింద వాక్యం చెక్కలేదు.