పదకొండో వార్డులో గాలి సరఫరా

సిరిగట్టు నగరపాలక సంస్థ గాలిని కుళాయిల ద్వారా, రోజు విడిచి రోజు, పొద్దున పూట మాత్రమే సరఫరా చేయడం మొదలుపెట్టాక జరిగిన రెండో ఎన్నికల్లో, పదకొండో వార్డు నుంచి హరిత పౌర సమితి తరఫున సువర్ణలత అనే సంగీతం టీచరు పోటీ చేసింది.

గాలి రాని రోజుల కోసం జనం ముందే పట్టి పెట్టుకుంటారు. లారీ ట్యూబులు, మూత బిగించిన డ్రమ్ములు, ఫుట్‌బాల్ బ్లాడర్లు, ఏవి దొరికితే అవి. స్థోమత ఉన్నవాళ్లు డాబా మీద ట్యాంకు కట్టించుకున్నారు. కుళాయి సుయ్‌మనగానే ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని, ముందు తాము కడుపునిండా పీల్చుకుని, తర్వాత ట్యూబులు నింపుకుంటారు. మొదట్లో కొందరు పోయారు. తర్వాత అలవాటైంది. ఊపిరి బిగబట్టి వంట చేయడం, ఊపిరి బిగబట్టి బస్సెక్కడం అందరికీ వచ్చేసింది. బడిలో పిల్లలు ఎక్కాలు మనసులోనే చదువుకుంటున్నారు. ఊళ్లో అందరి పెదాలూ కాస్త నీలంగా ఉంటాయి. సిరిగట్టులో ఆరోగ్యం అంటే అదే రంగు.

చెట్లను నగరపాలక సంస్థ అనధికార కనెక్షన్లుగా ప్రకటించింది. మీటరు లేకుండా గాలి ఇవ్వడం వల్ల లైనులో ప్రెషర్ పడిపోతోందని ఇంజినీర్లు పత్రికల వారికి వివరించారు. చెట్లన్నీ కొట్టేశారు. అయినా ప్రెషర్ పెరగలేదు. అంటే ఎక్కడో ఇంకా చెట్లు మిగిలి ఉన్నాయన్నమాట అని అందరికీ అర్థమైంది.

హరిత పౌర సమితిలో ఎనిమిది మంది సభ్యులున్నారు. అధ్యక్షుడు విశ్వనాథం సారు రిటైరైన వృక్షశాస్త్రం లెక్చరర్. ఆయన చివరి రోజుల్లో కాలేజీలో ఆ శాఖను చరిత్ర శాఖలో కలిపేశారు. గల్లీకి ఒక్క చెట్టును అనుమతించాలన్నది పార్టీ ఏకైక డిమాండు. సువర్ణలతను అభ్యర్థిగా ఎంపిక చేయడానికి ఎక్కువ చర్చ జరగలేదు. పాట నేర్చుకునేవాళ్లు లేక ఆమె ఇంట్లో ఖాళీగా ఉంటోంది. ఒంటరి మనిషి. పైగా ఇన్నేళ్ల సాధన వల్ల పార్టీ మేనిఫెస్టో మొత్తం ఒక్క ఊపిరితో చదవగలదు. మిగతా ఏడుగురూ రెండో పేరాలోనే కూలబడ్డారు.

వాళ్లకు కేటాయించిన గుర్తు బెలూన్. గాలి నింపిన బెలూన్లు పంచితే ఓటర్లను ప్రలోభపెట్టినట్టే అవుతుందని రిటర్నింగ్ అధికారి ముందే హెచ్చరించాడు. అందువల్ల సమితి వాళ్లు ఖాళీ బెలూన్లు పంచారు. జనం వాటిని జాగ్రత్తగా జేబులో పెట్టుకుని, అధికార పక్షం సభలకు వెళ్లినప్పుడు అక్కడి సిలిండర్ల దగ్గర నింపుకుని వచ్చారు. అధికార పక్షం సిలిండర్లు ప్రచార సామగ్రి కింద నమోదయ్యాయి కాబట్టి వాటికి అభ్యంతరం లేకపోయింది.

సువర్ణలత రోజూ ఇల్లిల్లూ తిరిగేది. జనం తలుపు ఓరగా తీసి, కరపత్రం తీసుకుని, అటూ ఇటూ చూసి తలుపు వేసుకునేవారు. ఎవరూ మాట్లాడేవారు కాదు. మాటకు గాలి ఖర్చు కాబట్టి కొంత, గల్లీ చివర వాల్వ్ ఎవరి చేతిలో ఉందో తెలుసు కాబట్టి మరికొంత. ఆమెకూ ఆ వాల్వ్ అంటే భయమే. ఆ ఇనుప చక్రం పక్కనుంచి నడిచేటప్పుడు తెలియకుండానే అడుగుల చప్పుడు తగ్గించేది.

ఒక మధ్యాహ్నం తాను ఉండే మూడో గల్లీలోనే జైనబ్బీ అనే ముసలామె ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి లాగి గడియ పెట్టింది. జైనబ్బీ ఒకప్పుడు మార్కెట్లో ఆకుకూరలు అమ్మేది. ఆమె సువర్ణలతను ఇంటి వెనక స్నానాల గదిలోకి తీసుకెళ్లింది. పైరేకు ఒకటి తొలగించి ఉంది. అక్కడ, పగిలిన గంగాళంలో, మనిషెత్తు కరివేపాకు చెట్టు నిలబడి ఉంది.

"పీల్చుకో బేటీ," అంది జైనబ్బీ. "భయపడకు. ఎంత కావాల్నో అంత."

సువర్ణలత పీల్చింది. ఏళ్ల తరబడి లెక్కగా పీల్చిన ఛాతీ ఒక్కసారి తెరుచుకునేసరికి నొప్పి పుట్టింది. రెండోసారి పీల్చింది. కళ్ల నీళ్లు కారాయి. జైనబ్బీ నవ్వుతూ ఉండిపోయింది. అంత గట్టిగా నవ్వే మనిషిని సువర్ణలత చూసి చాలా కాలమైంది.

"నీకెందుకు చూపిచ్చిన్నంటే," అంది జైనబ్బీ, "చెట్టు పెడ్తమని తిరుగుతున్నవ్ గదా. చెట్టు ఎట్లుంటదో యాదికుండాలె. ఎవ్వరికి చెప్పకు."

"చెప్పను," అంది సువర్ణలత. "నా మీద ఒట్టు."

ఆ తర్వాత రోజూ వెళ్లింది. ప్రచారంలో గొంతు పెరిగింది. మెట్లు గబగబా ఎక్కగలిగింది. ఓటర్లకు చెట్టు గురించి చెప్పేటప్పుడు ఇంతకు ముందు లేని నమ్మకం మాటల్లోకి వచ్చింది. కానీ ఒకనాడు అద్దంలో చూసుకుని ఉలిక్కిపడింది. పెదాలు ఎర్రగా ఉన్నాయి. వెంటనే పెన్ను సిరా వేలితో రుద్దుకుంది. మాట్లాడేకొద్దీ సిరా చెరిగిపోయేది.

సిట్టింగ్ కార్పొరేటర్ ముత్యంరావు ఆమె ఇంటికి వచ్చాడు. మర్యాద తెలిసిన మనిషి. చెప్పులు బయటే విప్పి, వెంట తెచ్చుకున్న చిన్న సిలిండర్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ప్రచారం మంచిగ నడుస్తున్నదా అక్కా?"

"నడుస్తున్నది."

"మీ గల్లీల ప్రెషర్ ఎట్లున్నది?"

"ఎప్పటిలెక్కనే ఉన్నది."

అతను తల ఊపాడు. ఆమె ముఖం వంక కాసేపు చూశాడు. "మీ పెదాలు మస్తు మంచిగున్నయక్కా," అన్నాడు. టీ కూడా తాగకుండా నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు గాలి రావలసిన రోజు. మూడో గల్లీ కుళాయిలు ఒకసారి దగ్గినట్టు చప్పుడు చేసి ఊరుకున్నాయి. సాంకేతిక కారణాలని చెప్పారు. తర్వాతి వంతుకూ రాలేదు. గల్లీలో అనధికార కనెక్షన్ ఉన్నట్టు అనుమానమనీ, దాన్ని గుర్తించి తొలగించేదాకా సరఫరా సాధ్యం కాదనీ మైకులో ప్రకటించారు. ట్యూబులు చప్పబడ్డాయి. మనుషులు కదలడం మానేసి గోడలకు ఆనుకుని కూర్చున్నారు. తనిఖీ సిబ్బంది ఇంటింటా అగ్గిపుల్ల గీసి, మంట ఎంతసేపు నిలుస్తుందో చూసి వెళ్లారు. జైనబ్బీ ముందు గదిలో అగ్గిపుల్ల అంటుకోనే లేదు. గాలి ఇవతలికి రాకుండా ఆమె ముందే స్నానాల గది తలుపు సందుల్లో తడిబట్టలు కుక్కింది.

సువర్ణలత చెట్టు దగ్గరికి వెళ్లడం మానేసింది. తన ఇంట్లోనే తలుపు మూసుకుని, మిగిలిన ఒక్క ట్యూబు వాల్వ్‌కు నోరు ఆనించి, చుక్క చుక్కగా పీల్చింది. బయట అడుగుల చప్పుడైన ప్రతిసారీ ట్యూబు వదిలి చేత్తో నోరు మూసుకునేది. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలా అని కాదు ఆమె భయం. ఎవరూ అడగకముందే తాను చెప్పేస్తానేమోనని.

ఇరుగుపొరుగు వాళ్లే వచ్చారు. గొడవ చేయలేదు, అంత గాలి ఎవరి దగ్గరా లేదు. ఎదురింటి పుష్పలీల ముందు నిలబడింది. ఆమె చంకలో మూడు నెలల పసిపాప. పసిపిల్లలకు ఊపిరి బిగబట్టడం రాదు, నేర్పాలి. ఈ పాపకు ఇంకా నేర్పలేదు. నోటి దగ్గర పెట్టిన బ్లాడర్ ముడతలు పడిపోయి ఉంది.

"టీచరమ్మా," అంది పుష్పలీల. "ఓటు మీకే ఏస్తం. అందరం ఏస్తం. మీ పెదాలు ఎర్రగెట్లున్నయో గది జెర చెప్పుండ్రి."

సువర్ణలత పెదాలు లోపలికి మడుచుకుంది.

"పాప ఏడుస్తలేదు," అంది పుష్పలీల. "పొద్దుగాలనుంచి ఏడుస్తలేదు."

పాపను ఆమె చేతుల్లో పెట్టింది. ఒళ్లు చల్లగా ఉంది. పెదాల రంగు ఆరోగ్యపు నీలం దాటిపోయింది. పాపను జైనబ్బీ ఇంటికి తీసుకెళ్లాలన్న ఆలోచన సువర్ణలతకు వచ్చింది. కానీ ఈ పాప వెనక గల్లీ అంతా నిలబడి ఉంది. ఒక్క కరివేపాకు చెట్టు గల్లీ మొత్తానికి సరిపోదు. అందరూ చూసినా పోతుంది, ఒకరు చెప్పినా పోతుంది. ఆమె పాపను ఎత్తుకుని గల్లీ చివరికి నడిచింది. అక్కడ వాల్వ్ పక్కన కుర్చీ వేసుకుని ముత్యంరావు కూర్చున్నాడు. మేనిఫెస్టో మొత్తం ఒక్క ఊపిరిలో చదివే మనిషికి ఆ పూట మూడు మాటలకే ఊపిరి చాలింది.

"జైనబ్బీ స్నానాల గది."

ముత్యంరావు ముందు వాల్వ్ తిప్పించాడు. ఆ విషయంలో అతను మాట తప్పే మనిషి కాదు. కుళాయిలన్నీ ఒక్కసారిగా సుయ్‌మన్నాయి. కాసేపటికి పాప ఏడ్చింది. గల్లీ అంతా ఆ ఏడుపు విని కళ్లు తుడుచుకుంది.

సిబ్బంది చెట్టును మొదలంటా కోసి వీధిలోకి లాక్కొచ్చారు. జైనబ్బీ గడపలో నిలబడి చూసింది. కొమ్మలను లారీలో వేస్తుంటే ముందుకొచ్చి, "ఆకు పారేయకుండ్రయ్యా, కల్యమాకు దొరుకుతలేదు. తలా ఇంత తీస్కపోండ్రి," అంది. తలా ఇంత తీసుకెళ్లారు. ఆ పూట మూడో గల్లీలో అందరి ఇళ్లలోనూ పప్పు పోపు ఘుమఘుమలాడింది.

పోలింగ్ ప్రశాంతంగా జరిగింది. బూత్‌లో సరఫరా ఉంటుంది కాబట్టి జనం తెల్లారకముందే వచ్చి వరుసలో నిలబడ్డారు, ఓటేశాక కూడా వెళ్లడానికి ఇష్టపడలేదు. ఫలితం చూసి ముత్యంరావు సైతం ఆశ్చర్యపోయాడు. హరిత పౌర సమితి చరిత్రలో మొదటిసారి ఒక స్థానం గెలిచింది. గల్లీకి గాలి తెచ్చింది టీచరమ్మే అని జనం కళ్లారా చూశారు మరి. ఇంతవరకు ఏ కార్పొరేటరూ అడిగిన పూటే గాలి తేలేదు.

విశ్వనాథం సారు దండతో వచ్చాడు. ముఖంలో కొంచెం ఇబ్బంది ఉంది.

"సారూ, నేనేం చేశానో తెలుసా?" అని అడిగింది సువర్ణలత.

"తెలుసమ్మా. బాధపడకు. సీటు ఉంటే రేపు సభలో చెట్టు అడగొచ్చు. చెట్టు ఉండి సీటు లేకుంటే ఎవరిని అడుగుతం?" అన్నాడు. దండ ఆమె మెడలో వేశాడు. మిగతా ఆరుగురు చప్పట్లు కొట్టారు.

కార్పొరేటర్లకు ఇరవై నాలుగు గంటల కనెక్షన్ ఇస్తారు. అది బిగించిన రోజు సువర్ణలత చాలాసేపు కుళాయి వంక చూస్తూ కూర్చుంది. తర్వాత తిప్పింది. సాయంత్రానికి జైనబ్బీ వచ్చింది. అనధికార కనెక్షన్ నేరం కింద ఆమె కుళాయి కోసేశారు. చేతిలో చప్పబడిన సైకిల్ ట్యూబు ఉంది. సువర్ణలత ట్యూబు అందుకుని కుళాయికి తగిలించింది. అది నిండేదాకా ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"అమ్మా, నన్ను తిట్టరాదూ," అంది సువర్ణలత చివరికి.

"ఎందుకు తిడ్త బేటీ? నువ్వు కాకుంటే ఇంకొకరు చెప్తుండె. నువ్వు చెప్పినవ్, గెలిసినవ్. గిప్పుడు నీ దగ్గరికన్న రావొచ్చు." జైనబ్బీ ట్యూబును భుజానికి తగిలించుకుంది. "మళ్ల ఎల్లుండి ఒస్త," అని, ఊపిరి బిగబట్టి మెట్లు దిగింది.

ఆమె సందు తిరగగానే పుష్పలీల వచ్చింది. చంకలో పాప ఆడుకుంటోంది. రెండు వంతులుగా కుళాయి మళ్లీ సన్నగా వస్తోందని చెప్పింది. అది ఫిర్యాదు కాదనీ, కొత్త కార్పొరేటర్ మీద గల్లీ అందరికీ నమ్మకం ఉందనీ చెప్పింది. తర్వాత దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది.

"వెనక గల్లీల ఎవరో నవ్వుతున్రు టీచరమ్మా. ఇద్దరు ముగ్గురు కలిసి, గట్టిగ."

ఇంట్లో కుళాయి సన్నగా, ఆగకుండా సుయ్‌మంటోంది.

"ఏ ఇల్లు?" అని అడిగి, చెప్పులు వేసుకుంది.