ఎగరనివాడే మేయర్

కోలోనియా మార్ఫిల్ మునిసిపాలిటీ ఒక ప్రకటన విడుదల చేసింది. ‘లోస్ సోర్దోస్’ రాక్ బృందం ఆదివారం మన పశువుల సంత మైదానంలో ఇవ్వబోయే కచేరీ గౌరవనీయ మేయర్ డోన్ అదాల్బెర్తో ఎచావె గారి దూరదృష్టి ఫలితమనీ, లక్షన్నర మంది అభిమానులు ఆయన పిలుపు అందుకునే బయల్దేరారనీ అందులో ఉంది. లోస్ సోర్దోస్ అంటే చెవిటివాళ్లు. ముప్పై ఏళ్లుగా ఆ పేరుతోనే పాడుతున్నారు. మేయర్ గారు వాళ్ల పేరు మొదటిసారి విన్నది ఆ ప్రకటన మీద సంతకం పెడుతున్నప్పుడే. అయినా కలం ఆగలేదు. నాయకుడంటే అలా ఉండాలి.

ఊరి జనాభా తొమ్మిది వేలు. ఎన్నికలు మూడు వారాల్లో. మేయర్ గారికి ఈ లోకంలో ఉన్న భయం ఒక్కటే, ఈలలు. అర్జెంటీనాలో పాట కోసం వచ్చిన జనం ముందు నాయకుడు మైకు పట్టుకుంటే ఏమవుతుందో ఆయనకు తెలుసు. ఇక్కడ ఈలంటే మెచ్చుకోలు కాదు, ఛీకొట్టడం. పక్క ఊరి మేయర్ ఒక పుచ్చకాయల ఉత్సవంలో ఆరు నిమిషాలు ఈలలు తిన్నాడు. పాపం, ఆయన ఇప్పటికీ టీ కెటిల్ కూత పెడితే లేచి నిలబడి క్షమాపణ చెబుతాడు.

అందుకని మునిసిపాలిటీ మొత్తం మీద రాక్ కచేరీ చూసిన మనిషి ఎవరైనా ఉన్నారేమోనని వెతికించారు. ఒక్కడు దొరికాడు. జనన మరణాల విభాగంలో ఉబాల్దో పెరల్తా. వయసు నలభై ఒకటి. పదకొండేళ్లుగా కాంట్రాక్టు ఉద్యోగి. మూడు నెలలకోసారి కాంట్రాక్టు పొడిగిస్తారు, మూడు నెలలకోసారి అతని భార్య దేవుడికి దీపం పెడుతుంది.

“ఏమయ్యా, ఈ చెవిటోళ్ల కచేరీలు ఎన్ని చూశావ్?” అన్నారు మేయర్ గారు.

“అరవై రెండండీ. ఇరవై మూడేళ్లుగా ఒక్కటీ వదల్లేదు.”

“వెళ్లి ఏం చేస్తావ్?”

“ఎగురుతానండీ.”

“ఎందుకూ?”

ఇన్నేళ్లలో ఉబాల్దోని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. “అందరూ ఎగురుతారండీ,” అన్నాడు.

“బావుంది. ఈసారి మాత్రం ఎగరవు. నా పక్కన కుర్చీలో కూర్చుంటావ్. ఎప్పుడు చెయ్యి ఊపాలో, ఎప్పుడు తల ఆడించాలో నాకు చెబుతావ్. కూర్చున్నవాడివి లేచావంటే నీ ఫైలు కూడా లేచిపోతుంది. ఒక్క ఈల వినపడకపోతే సోమవారం నిన్ను పర్మనెంట్ చేస్తా.”

పర్మనెంట్ అన్న మాట చెవిన పడగానే ఉబాల్దోకి కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్కడికక్కడే అతన్ని ‘సహజ ఉత్సాహ నిర్వహణ డైరెక్టర్’గా నియమించారు. కాంట్రాక్టు మీదే.

శుక్రవారం నుంచే అభిమానులు దిగడం మొదలైంది. బస్సుల్లో వచ్చారు, లారీల్లో వచ్చారు, ఒక పెద్దాయన ఏకంగా గడ్డి కోసే యంత్రం మీద వచ్చాడు. రైలు పట్టాల పక్కన డేరాలు వేశారు. బొగ్గుల మీద సాసేజీలు కాల్చి రొట్టెల్లో కుక్కుకుని తిన్నారు. ప్లాస్టిక్ సీసాని సగానికి కోసి, అందులో ఫెర్నెత్ అనే చేదు మద్యం, కోలా కలిపి, ముక్కూ మొహం తెలియనివాళ్లకి కూడా ముందు అందించి తర్వాత తాము తాగారు. ప్రతి గుంపు దగ్గరా తమ పేట పేరు రాసుకున్న జెండా ఒకటి ఉంది. మార్ఫిల్ ముసలమ్మలు కుర్చీలు వీధిలోకి వేసుకుని, పెళ్లి ఊరేగింపు చూసినట్టు మూడు రోజులూ చూశారు.

మునిసిపాలిటీ కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పూటకో ఉత్తర్వు ఇచ్చింది. మొదటిది, జెండాలన్నీ ఆఫీసులో నమోదు చేయించుకోవాలి. రెండోది, ఏడ్చేవాళ్లు కుడివైపూ అరిచేవాళ్లు ఎడమవైపూ నిలబడాలి. మూడోది ఇంజనీరు గారి సలహా మీద వచ్చింది. లక్షన్నర మంది ఒక్కసారి ఎగిరితే భూమికి ఇబ్బంది కాబట్టి ఎవరూ ఇరవై సెంటీమీటర్లకి మించి ఎగరరాదు.

ఆ మూడో ఉత్తర్వు చదివి వినిపించడానికి కొలత టేపు చేత్తో పట్టుకుని డేరాల దగ్గరికి వెళ్లింది ఉబాల్దోయే. అక్కడ మిర్తా కనిపించింది. ఆవిడ రోసారియోలో లారీ నడుపుతుంది. ఇరవై ఏళ్లుగా ప్రతి కచేరీలో ఇద్దరూ ఒకే చోట, ముందు వరుస కంచె దగ్గర, భుజం భుజం రాసుకుని ఎగిరినవాళ్లు.

“ఒరేయ్ బక్కోడా!” అంటూ వాటేసుకుంది. “ఈ నల్లకోటేంట్రా? ఎవరైనా పోయారా?”

“డ్యూటీలో ఉన్నా మిర్తా. ఇరవై సెంటీమీటర్లకి మించి ఎగరకూడదంట.”

“ఎవరు కొలుస్తారు?”

“నేనే.”

“లక్షన్నర మందినీ?”

“నమూనాగా కొందర్ని.”

మిర్తా అతని మొహంలోకి చూసి నవ్వడం మానేసింది. “రేపు కంచె దగ్గరికి వస్తావా రావా? అది చెప్పు.”

“మేయర్ గారి పక్కన కూర్చోవాలి. పర్మనెంట్ చేస్తారంట.”

“పర్మనెంట్‌గా ఏం చేస్తార్రా నిన్ను, కుర్చీనా?” అని సీసా అతని చేతిలో పెట్టింది. ఉబాల్దో తాగలేదు. డ్యూటీ.

ఇక గౌరవ వేదిక సంగతి. ముందు పది కుర్చీలనుకున్నారు. తర్వాత కౌన్సిలర్లు వచ్చి చేరారు, వాళ్ల భార్యలు చేరారు, ఆ భార్యల కుట్టుమిషన్ ఆవిడ, ఆవిడ మరిది కూడా చేరారు. లెక్క రెండొందల నలభై కుర్చీలకు తేలింది. మంచు పడితే మేయర్ గారికి జలుబు చేస్తుందని పైన రేకుల కప్పు వేశారు. వేదిక గట్టిగా నిలవాలని గుంజలు రెండు మీటర్ల లోతున దిగ్గొట్టారు. సరిగ్గా స్టేజీకి ఎదురుగా, నట్టనడిమిన కట్టారు. దాంతో వెనకున్న లక్షమందికి స్టేజీ కనపడదు, రేకులు కనపడతాయి. అభిమానుల కోసం మునిసిపాలిటీ ఇంత చల్లని నీడ వేయడం ఇదే మొదటిసారి.

ఆదివారం సాయంత్రం పొద్దు వాలుతుండగా చెవిటివాళ్లు స్టేజీ ఎక్కారు. మొదటి తీగ మోగగానే మైదానం మొత్తం ఒక్క ఊపున లేచింది. కుర్చీలో ఉబాల్దో మోకాళ్లు రెండూ వాటంతటవే కదిలాయి. చేతులతో అదిమి పట్టుకున్నాడు. అరవై రెండు కచేరీల్లో అతను ఏ పాటా కూర్చుని వినలేదు. కూర్చుని వింటే పాటలో ఇన్ని తప్పులున్నాయా అని ఆశ్చర్యమేసింది. ఏడుపు కూడా వచ్చింది.

“ఇప్పుడు చెయ్యి ఊపనా?” అన్నారు మేయర్ గారు.

“ఇప్పుడు కాదండీ, గిటారు వాయిస్తున్నారు.”

రెండో పాట అయ్యేసరికి రేకుల వెనక ఉన్నవాళ్లకి ఓపిక అయిపోయింది. ఈలలు వేయలేదు. ఉబాల్దో ఆ విషయంలో గెలిచాడనే చెప్పాలి. ఈలకు బదులు పాత పాట ఎత్తుకున్నారు. ఈ దేశంలో ఫుట్‌బాల్ మైదానాల్లో పుట్టిన పాట అది. ఎదుటి జట్టు పేరు పెట్టి, ఎగరనివాడు ఫలానా జట్టువాడే అని పాడతారు. ఆ మాట పడ్డాక ఎవడూ నేల మీద ఉండడు. పిల్లలకి నడక కంటే ముందే వస్తుంది ఈ విద్య.

“ఎగరనివాడే మేయర్! ఎగరనివాడే మేయర్!”

మిర్తా గొంతు ముందు వరుసలోంచి ఖంగుమని వినపడుతోంది. లక్షన్నర మంది ఎగురుతున్నారు, ఇరవై సెంటీమీటర్ల మాట ఎవరికీ గుర్తులేదు. అందరి చూపూ వేదిక మీదికి తిరిగింది. ముందుగా పారిశుధ్య కౌన్సిలర్ లేచాడు. ‘నేను కాదు బాబోయ్’ అన్నట్టు రెండు గెంతులు వేశాడు. తర్వాత ఆరోగ్య కౌన్సిలర్ దంపతులు, ఖజానా అధికారి, పోలీసు పెద్ద, కుట్టుమిషన్ ఆవిడ మరిది. ఒక్క నిమిషంలో రెండొందల ముప్పై ఎనిమిది మంది గాల్లో ఉన్నారు. పార్టీ చరిత్రలో ఇంత ఐకమత్యం ఎన్నడూ లేదు.

“ఉబాల్దో! ఇప్పుడు ఏం చెయ్యాలయ్యా?” మేయర్ గారి మొహాన చెమట ధారలు.

“కూర్చోండి సార్. కాసేపటికి వాళ్లే ఆపేస్తారు.”

“అందరూ నన్నే చూస్తున్నారయ్యా! మేయర్ అనుకుంటున్నారు!”

అని ఆయన కూడా లేచి ఎగిరారు. మొదట మర్యాదగా, తర్వాత కోటు గుండీలు విప్పి. నూట పది కిలోల మనిషి ‘ఎగరనివాడే మేయర్’ అని గొంతెత్తి పాడుతూ మళ్లీ మళ్లీ గాల్లోకి లేస్తుంటే మైదానం మైదానమంతా చప్పట్లు కొట్టింది. ఆ లక్షన్నర మందిలో నేల మీద మిగిలినవాడు ఒక్కడే. కోటు వేసుకుని, మోకాళ్లు పట్టుకుని, పర్మనెంట్ కోసం కూర్చుని ఉన్నాడు. వార్తాపత్రికలవాళ్లు ఆ ఫొటో తీసుకున్నారు.

సోమవారం పొద్దున ఊళ్లో కుళాయిలు రాలేదు. రాత్రి గెంతులకి వేదిక గుంజలు ఊరి మంచినీళ్ల పెద్ద గొట్టంలోకి దిగాయి. జనం బిందెలూ బకెట్లూ పట్టుకుని మేయర్ ఇంటికి వెళ్లారు. డోన్ అదాల్బెర్తో గడప దాటి వచ్చి, వాళ్లతో పాటు తానూ ఆశ్చర్యపోయారు.

“నేనా మేయర్ని? నేను ఎగిరానమ్మా, మీరంతా చూశారు కదా! ఎగరనిది ఆ ఉబాల్దో. వెళ్లి వాణ్ని గట్టిగా అడగండి. అడగాల్సిందే. కావాలంటే నేనూ వస్తా.”

మునిసిపాలిటీ న్యాయ సలహాదారు పత్రికలో ఫొటో చూసి, లక్షన్నర మంది సాక్షులున్న విషయంలో తాను చేయగలిగింది లేదన్నాడు.

ఉబాల్దో ఆఫీసుకి వచ్చేసరికి బకెట్లవాళ్లు హాలంతా నిండి ఉన్నారు. మూలన కుర్చీలో కాపలాదారు సెగుందో రోజూలాగే నిద్రపోతున్నాడు. సిబ్బంది విభాగం ఒఫేలియా ఫైలుతో ఎదురొచ్చింది. నిన్నటిదాకా “ఒరేయ్” అన్న మనిషి.

“మేయర్ గారూ, నమస్కారమండీ. ఉబాల్దో పెరల్తా పర్మనెంట్ ఫైలండీ. తమరి సంతకం ఒక్కటే తక్కువ.”

“నేను పెట్టొచ్చా, ఒఫేలియాగారూ?”

“మరెవరు పెడతారండీ? ఎగరనిది తమరొక్కరే కదా!”

ఉబాల్దో కలం తీసుకున్నాడు. పదకొండేళ్లు. నలభై నాలుగు దీపాలు. కాగితం మీద మొదటి అక్షరం పడింది. సరిగ్గా అప్పుడే తిరుగు ప్రయాణపు బస్సులు ఆఫీసు ముందు నుంచి బారుగా వెళ్తున్నాయి. కిటికీల నిండా జెండాలు. ముందు బస్సులోంచి నడుం దాకా బయటికి వంగిన మిర్తా డప్పు కొట్టినట్టు రేకు బాదుతూ పాడుతోంది.

“ఎగరనివాడే మేయర్! ఎగరరా బక్కోడా!”

అతని మోకాళ్లు కదిలాయి. ఈసారి పట్టుకోవడానికి చేతులు ఖాళీగా లేవు. ఒక దాంట్లో కలం ఉంది, ఇంకోదాంట్లో ఫైలు ఉంది. రెండూ వదిలేసి ఎగిరాడు. రాత్రంతా గుండెల్లో గడ్డకట్టినదేదో ఒక్క దెబ్బకి విడిపోయింది. ఎంత హాయిగా ఉందో! మళ్లీ ఎగిరాడు, మళ్లీ ఎగిరాడు, కోటు విసిరేసి ఎగిరాడు. అతను మేయర్ కాకపోతే తామెక్కడ అవుతామోనని బకెట్లవాళ్లూ ఎగిరారు. ఒఫేలియా చెప్పులు విప్పి మరీ ఎగిరింది.

బస్సులు వెళ్లిపోయాక ఆవిడ ఆయాసపడుతూ కింద పడిన ఫైలు తీసి దుమ్ము దులిపింది. హాలంతా ఒకసారి కలియజూసింది. తర్వాత జుట్టు సర్దుకుని, మూలకి నడిచి, సెగుందో ముందు వినయంగా నిలబడి, ఫైలు అతని ఒళ్లో పెట్టింది. బకెట్లవాళ్లు కూడా ఆవిడ వెనకే వరుస కట్టారు.

సెగుందో కళ్లు తెరవకుండానే అన్నాడు, “రేపు రండి.”