గ్యాస్ అంటే గ్యాసే!

ఆపరేషన్ థియేటర్లో ఇరవై రెండేళ్ళు పనిచేసిన నర్సుకి ఆపరేషన్ల గురించి ఏమీ తెలియదు. ఈ మాట నేను ఆవేశంలో అనడం లేదు. బాగా ఆలోచించి, మా తెలుగు సంఘం ఉపకార్యదర్శి హోదాలో అంటున్నాను.

మరి తెలిసేది ఎవరికి? వాట్సాప్ గ్రూపుకి! ఘాజియాబాద్‌లో మా చుట్టుపక్కల తెలుగువాళ్ళకి ఓ గ్రూపు ఉంది. రెండు వందల పదిమంది సభ్యులం. ఒక్కరమూ వైద్యం చదవలేదు. అందువల్ల మా అభిప్రాయాలు ఏ చదువూ అంటని స్వచ్ఛమైన అభిప్రాయాలు.

గ్రూపు గొప్పతనం తెలియాలంటే సుభాషిణి సంగతి వినాలి. ఆవిడ ఢిల్లీలో ఓ పెద్దాసుపత్రిలో థియేటర్ నర్సు. ఆపరేషన్ చివర్లో గాజ్ గుడ్డ ముక్కలు లెక్కపెడుతుంది. ఒక్క ముక్క తగ్గినా "ఆగండి సార్" అంటుంది. ఆయన ఎంత పేరున్న సర్జనైనా సరే, ముక్క దొరికేదాకా కుట్టు వెయ్యడానికి వీల్లేదు. ఒక్క గుడ్డ పీలిక కోసం అంత రాద్ధాంతమా? మా గ్రూపులో అయితే మెజారిటీ అభిప్రాయం తీసుకుని కుట్టేసేవాళ్ళం.

అలాంటి సుభాషిణికే పిత్తాశయంలో రాళ్ళు వచ్చాయి. తన ఆసుపత్రిలోనే లాపరోస్కోపీ చేయించుకుంది. పొట్ట మీద నాలుగు చిన్న కన్నాలు, అంతే. మర్నాడే ఇంటికి పంపించేశారు.

లాపరోస్కోపీ వల్ల సమాజానికి జరిగిన మేలు ఇంతా అంతా కాదు. పూర్వం జానెడు కోత ఉండేది. చూడ్డానికి వచ్చినవాళ్ళు అది చూసి హడలిపోయి, బత్తాయిలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేవారు. ఇప్పుడు "ఇంతేనా!" అని కుర్చీ దగ్గరికి లాక్కుంటున్నారు. కన్నం చిన్నదైనకొద్దీ జబ్బు చిన్నదవుతుంది, విశ్రాంతి చిన్నదవుతుంది. సలహాలు మాత్రం పెద్దవవుతాయి! పైన చిన్నగా కనబడినా లోపల తీసిన అవయవం తీసినట్టేనని సుభాషిణి ఏదో చెప్పబోయింది. పై ఫ్లాటు లీలావతి గారు చెప్పనిస్తేనా? "ఎల్లుండికల్లా నువ్వే లేచి వంట చేసేస్తావులే" అని ధైర్యం చెప్పేశారు.

డిశ్చార్జి రోజున శ్రుతి అనే చిన్న నర్సు, మన విశాఖ పిల్లే, సుభాషిణి భర్త సదాశివరావు గారికి జాగ్రత్తలు చెప్పింది. "అంకుల్, కెమెరాకి లోపల చోటు ఉండాలని పొట్టలోకి గ్యాస్ పంపిస్తాం. చివర్లో తీసేసినా కాస్త మిగులుతుంది. దానివల్ల భుజం నొప్పి వస్తుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది. నొప్పి తగ్గకుండా పెరిగినా, జ్వరం వచ్చినా వెంటనే తీసుకొచ్చెయ్యండి."

సదాశివరావు గారు కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. ఎంత లావు ఫైలునైనా ఒక్క ముక్కలోకి కుదించడం ఆయన వృత్తి. ఇంటికొచ్చి గ్రూపులో పెట్టారు: "ఆపరేషన్ సక్సెస్. గ్యాస్ ఉందట."

గ్యాస్! తెలుగువాడికి తెలియని గ్యాసా! మనకి గుండె నొప్పి వచ్చినా గ్యాసే, అల్లుడి మీద కోపం వచ్చినా గ్యాసే. ఆసుపత్రివాళ్ళు సిలిండర్లో తెచ్చి ఎక్కించినంత మాత్రాన దాని కులగోత్రాలు మారిపోతాయా?

రైల్వేలో రిటైరైన అనంతరామయ్య గారు మా గ్రూపుకి సుప్రీంకోర్టు. ఆయన వెంటనే పథ్యం ప్రకటించారు. పప్పు తింటే చీము పడుతుంది, పైగా గ్యాసు, కాబట్టి పప్పు బంద్. గుడ్డు వేడి, బంద్. బంగాళాదుంప వాతం. ఇడ్లీ పరవాలేదనుకుంటూ ఉండగా, అందులో ఉన్నది మినప్పప్పే కదా అని ఎవరో పసిగట్టారు. ఆఖరికి బీరకాయ మిగిలింది. దాని మీద ఇంతవరకూ ఫిర్యాదు లేదు.

"గాయం మానాలంటే ప్రోటీన్ కావాలండీ. కాస్త పప్పన్నం, ఓ గుడ్డు పెట్టండి" అంది సుభాషిణి మంచం మీంచి.

"నువ్వు పేషంటువి సుభా, నీకేం తెలుస్తుంది?" అన్నారు సదాశివరావు గారు, ఎంతో ప్రేమగా.

ఈలోగా లీలావతి గారు గిన్నెడు పసుపు ముద్ద పట్టుకొచ్చి కన్నాలకి పట్టిస్తానన్నారు. సుభాషిణి రెండు చేతులూ అడ్డం పెట్టి, "డ్రెస్సింగ్ ముట్టుకోకండి" అని థియేటర్ గొంతుతో అంది. నర్సులకి కాస్త పొగరు ఎక్కువని ఆ సాయంత్రం గ్రూపులో చర్చ జరిగింది.

మూడోరోజు మధ్యాహ్నానికి భుజం నొప్పి సంగతి ఎవరికీ గుర్తులేదు. పొట్టలో నొప్పి పెరిగింది. పొట్ట ఉబ్బింది, రెండుసార్లు వాంతయింది. థర్మామీటర్ నూట రెండు చూపించింది. సుభాషిణికి భయం వేసింది. లోపల పిత్తరసం కారుతూ ఉంటే ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు. అలాంటివాళ్ళని బంధువులు ఆలస్యంగా స్ట్రెచర్ మీద తెచ్చినప్పుడు తలుపు దగ్గర నిలబడి అందుకున్న మనిషి ఆవిడ. వాళ్ళలో కొందరు తిరిగి ఇంటికి వెళ్ళలేదు.

"ఏవండీ, ఇది గ్యాస్ కాదు. నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళండి."

"కంగారు పడకు. అడుగుతున్నా కదా" అంటూ ఆయన టైపు చేశారు.

కూతురు తేజశ్రీ కూడా వచ్చి తండ్రి భుజం మీంచి చూసింది. "మమ్మీ, సబ్ లోగ్ గ్యాస్ హీ బోల్ రహే హై" అంది.

అవును, సబ్ లోగ్, అందరూ గ్యాసే అన్నారు! గ్యాస్ పైకి తన్నుతోందనీ, వాము నమిలించి వేడినీళ్ళు పట్టించమనీ అనంతరామయ్య గారు తీర్పు ఇచ్చారు. దాని కింద నలభై ఒక్క బొటనవేళ్ళు లేచాయి. అందులో ఒకటి నాది.

సుభాషిణి వాము నోట్లో పెట్టుకుని ఏడ్చింది. నొప్పికి కాదు. "ఆగండి" అంటే సర్జన్లు ఆగుతారు. "పదండి" అంటే మొగుడు కదలడం లేదు.

అప్పుడు ఫోన్ తీసి శ్రుతికి కలిపింది. జ్వరం ఎంతో, నాడి ఎంతో, పొట్ట ఎలా ఉందో డ్యూటీలో చెప్పినట్టే చెప్పింది. "సర్జన్‌కి చెప్పి బెడ్ రెడీ చెయ్యి. తర్వాత ల్యాండ్‌లైన్ నుంచి మీ అంకుల్‌కి ఫోన్ చేసి, ఓటీ ఇన్‌చార్జ్ ఆర్డర్, పేషంట్‌ని గంటలో తీసుకురావాలని చెప్పు."

"మేడం, ఓటీ ఇన్‌చార్జ్ మీరే కదా?"

"నా పేరు చెప్పకు. చెబితే కదలరు."

నిరుడు ఆపరేషన్ థియేటర్ ఇన్‌చార్జ్‌గా ప్రమోషన్ వచ్చినప్పుడు ఆవిడ ఆ సంగతి ఇంట్లో చెప్పింది. సదాశివరావు గారు టీవీలో చర్చ చూస్తూ "అచ్ఛా" అని సౌండు పెంచుకున్నారు.

ఆసుపత్రి ల్యాండ్‌లైన్ నుంచి ఫోన్ వచ్చిన ఐదు నిమిషాల్లో ఆయన కారు తాళాలు తీశారు! చూశారా అధికారానికి ఉన్న విలువ! మంచం మీది మనిషి చెబితే అది కంగారు. అదే మాట ఆసుపత్రి నంబరు నుంచి వస్తే ఆర్డరు. దారి పొడుగునా ఆయన భార్యని మందలిస్తూనే ఉన్నారు. "ఇంత సీరియస్ అని నువ్వు ముందే చెప్పొద్దూ?"

కారుతున్నది పిత్తరసమే. ఎండోస్కోపీ చేసి లోపల చిన్న గొట్టం అమర్చారు, పొట్టలో చేరినదాన్ని బయటికి తీశారు. రేపటిదాకా ఆగి ఉంటే కష్టమయ్యేదని సర్జన్ చెప్పినప్పుడు సదాశివరావు గారు అక్కడే చాలాసేపు ఏడ్చారు. ఆయన చెడ్డవాడని నేను అనను. చాలాసేపు ఏడ్చారు.

ఆ తర్వాత గ్రూపులో పోస్టు పెట్టారు: సమయానికి ఆర్డరేసిన ఓటీ ఇన్‌చార్జ్ గారే మా పాలిట దేవత, సంఘం తరఫున ఆవిడని సన్మానించాలి అని. నూట ఎనభై బొటనవేళ్ళు! శాలువా నేనే కొన్నాను. కాబట్టి పాఠకులారా, ఇంట్లో నర్సున్నా ఆవిడ మాట వినక్కర్లేదు. ఆవిడ పై అధికారి మాట వింటే చాలు. ఆ పై అధికారి కూడా ఆవిడే అయి కూర్చుంటే సంఘం బాధ్యత వహించదు.

ఐదోరోజు సదాశివరావు గారు మిఠాయి డబ్బాతో, నేను శాలువాతో ఆసుపత్రికి వెళ్ళాం. "ఇన్‌చార్జ్ మేడం ఎక్కడుంటారమ్మా?" అని శ్రుతిని అడిగారాయన. శ్రుతి మమ్మల్ని తిన్నగా సుభాషిణి మంచం దగ్గరికి తీసుకొచ్చి నిలబెట్టింది. ఆయన మంచం పక్కన నిలబడి, తలుపు వైపే చూస్తున్నారు.

"ఎవరికోసం?" అంది సుభాషిణి.

"మీ ఇన్‌చార్జ్ గారి కోసం. వస్తే ఒక్కసారి దణ్ణం పెట్టుకుని వెళ్తాను."

"పెట్టండి" అంది సుభాషిణి.