గట్టి యాక్సిళ్లు, గట్టి హంపు

రోడ్ల మీద హంపులు, అవే స్పీడ్ బ్రేకర్లు, ఎక్కువైపోయాయని గొణిగేవాళ్లకు నా జవాబు ఒకటే. ఇంకా చాలడం లేదు!

ఆలోచించండి. హంపే లేకపోతే బస్సులో గురకపెట్టే మనిషిని దిగాల్సిన ఊళ్లో ఎవరు లేపుతారు? నడుం నొప్పి డాక్టర్లు ఏం తిని బతకాలి? పెనుకొండలో తలెత్తి కోట వైపు ఎవరు చూస్తారు? సీటు మీంచి ఎగిరితేనే కదా తల లేచేది!

ధర్మవరం పట్టుచీరల వ్యాపారి మురళీధర్ ఈ సత్యాన్ని అందరికంటే ముందే గ్రహించాడు. హిందూపురం బస్సులు తన అంగడి ముందు నుంచి రయ్యిన దూసుకుపోతుంటే, అద్దాల వెనక వేలాడే చీరలను చూసే తీరిక ఆడవాళ్లకు ఎక్కడిది? ఒక ఆదివారం కంకర, సిమెంటు తెప్పించి అంగడి ముందు రోడ్డుకు అడ్డంగా హంపు పోయించాడు. పర్మిషనా? ప్రజాసేవకు పర్మిషన్ ఏమిటండీ!

బస్సులు నెమ్మదించాయి. కిటికీల్లోని తలలన్నీ చీరల వైపు తిరిగాయి. కొన్నాళ్లకు డ్రైవర్లు దానికి అలవాటు పడిపోతే, మొన్న దాని మీద ఇంకో పొర పోయించాడు.

ఇంత తెలివైన మనిషికీ ఒక బలహీనత ఉంది. నలభై ఏళ్ల నాటి ఎర్ర స్పోర్ట్స్ కారు. ఇద్దరే కూర్చోవాలి. పైన టాపు లేదు. నేలకు ఎంత దగ్గరగా ఉంటుందంటే, పక్కనుంచి పోయే మేక ఆగి లోపలికి తొంగిచూస్తుంది. మురళీధర్‌కు ఆ కారంటే ప్రాణం.

కానీ ఇంజన్ బలాన్ని చక్రాలకు అందించే యాక్సిళ్లు కారు కంటే ముసలివి అయిపోయాయి. హంపు కనిపిస్తే చాలు, పుటుక్కున విరిగేవి. కిందటిసారి భార్య కమలాక్షిని హిందూపురంలోని పుట్టింటికి తీసుకుపోతుంటే సోమందేపల్లిలో విరిగింది. ఆమె పట్టుచీరతో షేర్ ఆటో ఎక్కి, టమాటా గంపల మధ్య కూర్చుని పుట్టిల్లు చేరింది. చేరగానే షరతు పెట్టింది.

"ఇంగ ఒక్కసారే ఎక్కుతా. ఈడినుంచి మన ఇంటి వాకిలి దాకా నేను దిగకుండా పోయినామా, కారు మీది. యాడన్నా నిలబడిపోయిందా, మా తమ్ముడు చెప్పే, పాత కార్లు కొనే బెంగళూరు ఆయప్పకు అమ్మేయాల."

ఇప్పుడు మురళీధర్ ఏం చేయాలి? నలుగురినీ పోగుచేసి దారిలోని హంపులు తీయించమని అడగాలా? అంత అమాయకుడు కాదు. హిందూపురం మెకానిక్ మద్దిలేటిని పట్టుకుని, విదేశం నుంచి గట్టి సీవీ యాక్సిళ్లు తెప్పించి వేయించాడు. వీటి గొప్పతనం ఏమిటంటే, చక్రం ఎగిరినా కుంగినా ఒకే వేగంతో తిప్పుతాయట. ఒకే వేగం! హిందూపురానికీ ధర్మవరానికీ మధ్య!

"లారీకన్నా ఎయ్యొచ్చు సామీ వీటిని," అన్నాడు మద్దిలేటి జాకీ దించుతూ. "కారు పోయినా ఇయ్యి పోవు."

అత్తవారింటి ముందు నిమ్మకాయలు తొక్కించి కారును బయల్దేరదీశారు. బావమరిది వెంకటప్ప వాకిట్లోకి వచ్చి, "బావా, బెంగళూరు ఆయప్ప నంబరు నీ ఫోన్‌కి పంపినా. దారిలో పనికొస్తాదేమో," అన్నాడు.

ఊరు దాటకముందే మొదటి హంపు. మురళీధర్ కారును వాలుగా తిప్పి, పిల్లి గోడ దిగినట్టు ఒక్కో చక్రాన్నీ దించాడు. బడి ముందు హంపు, టీ అంగడి ముందు హంపు, ఎన్నికల్లో ఓడిపోయినాయన ఇంటి ముందు రెండు హంపులు. కమలాక్షి ఒక చేత్తో తలుపును, ఇంకో చేత్తో తాళిబొట్టును పట్టుకుంది.

సోమందేపల్లి వచ్చింది. కిందటిసారి విరిగిన చోటు. కారు ఎక్కింది, దిగింది, సాగిపోయింది.

పెనుకొండ కూడా వెనకబడ్డాక కమలాక్షి తలుపు మీంచి చెయ్యి తీసింది. ఎగురుతున్న కొంగును ఒళ్లోకి లాక్కుంది.

"గాలి బాగుండాది," అంది.

మురళీధర్ పొంగిపోయాడు. పెళ్లయినప్పటి నుంచి ఆ కారు గురించి ఆమె అన్న మొదటి మంచి మాట అది.

ధర్మవరం. సొంత వీధి. సొంత అంగడి, దాని పైనే సొంత ఇల్లు. ఎదురుగా సొంత హంపు.

వాలుగా తిప్పుదామంటే రెండు పక్కలా కస్టమర్ల బైకులు. నేరుగా ఎక్కించాడు. ముందు చక్రాలు దాటాయి. కర్రుమన్న చప్పుడుతో కారు పొట్ట కొత్త పొర మీద కూర్చుండిపోయింది. యాక్సిలరేటర్ తొక్కాడు. వెనక చక్రాలు నేలను అందీ అందకుండా గిర్రున తిరిగాయి. ఒకే వేగంతో!

మద్దిలేటికి ఫోన్ చేశాడు.

"చక్రాలు తిరగతాండాయా సామీ?"

"తిరగతాండాయి."

"అయితే నా పని బాగుండాది," అని మద్దిలేటి పెట్టేశాడు.

వెనక బస్సు ఆగింది. దాని వెనక ఇంకొకటి. జనం మూగారు. కమలాక్షి మాత్రం కదల్లేదు.

"నేను దిగితే మీ కారు పోతాది," అంది మెల్లగా. "ఒక గడ్డపార తెప్పీయండి. మీరు పోసిన దిబ్బే గదా, మీరే పగలగొట్టండి. కూర్చునే ఇంటికొస్తా."

మురళీధర్ కారును చూశాడు. హంపును చూశాడు. ఆగిన రెండు బస్సులను చూశాడు. ప్రతి కిటికీలోంచీ ఆడవాళ్లు అంగడి వైపే చూస్తున్నారు. ఒకామె అప్పుడే బస్సు దిగి, అద్దంలోని ముదురాకుపచ్చ చీర వైపు నడుస్తోంది.

"కమలా," అన్నాడు మురళీధర్, "దిగు."

వారం తిరక్కుండా కారును ఎక్కించుకుపోవడానికి బెంగళూరు ఆసామి లారీతో వచ్చాడు. హంపు దగ్గర లారీ నెమ్మదించినప్పుడు, వెంట వచ్చిన ఆయన భార్య చీరలు చూసింది. లోపలికి వచ్చి రెండు తీసుకుంది కూడా.

"చూసినావా?" అన్నాడు మురళీధర్ వెనక్కి తిరిగి.

కమలాక్షి అక్కడ లేదు. సంచి పట్టుకుని రోడ్డు మీద నిలబడి ఉంది, పుట్టింటికి పోవడానికి. టమాటా గంపలతో షేర్ ఆటో వచ్చి, హంపు దగ్గర నెమ్మదించి, ఆమెను ఎక్కించుకుంది.

చెయ్యి ఎత్తి ఆపాల్సిన పని కూడా లేకపోయింది. ఇంత సౌకర్యాన్ని పట్టుకుని తిడతారేమిటండీ!