వేలానికెక్కిన పెట్రోమాక్స్ లైటు

“కొన్నోడు దొంగోడైతే ఏటి సేత్తామే? సరుకు అట్టుకుని, డబ్బులివ్వకుండా పారిపోతే ఎక్కడని ఎతుకుతాం?”

రూప అప్పటికింకా అటక మీంచి పెట్రోమాక్స్ లైటును దించనైనా లేదు. అమ్మేది కిందికి రాలేదు, కొనేవాడు పుట్టలేదు. అయినా నాగమణి అప్పుడే దొంగ చేతిలో మోసపోయి, పోలీసుస్టేషన్ మెట్ల మీద కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఆవిడ భయాలు ఎప్పుడూ ఆవిడ కంటే ముందు బస్సెక్కుతాయి.

“అమ్మా, ముందు నిచ్చెన అట్టుకో. నాను పడిపోయేటట్టున్నాను,” అంది రూప. అంతే, ఆ భయం కూడా వచ్చి చేరింది.

అసలు సంగతేమిటంటే, నాగమణికి ఇంట్లో నీళ్ళు శుభ్రం చేసే మిషను కావాలి. ఉద్దానంలో పుట్టి ఉద్దానంలోనే కాపురానికొచ్చిన మనిషి. ఎవరి మూత్రపిండాలు ఎప్పుడు పాడయ్యాయో, ఎవరు వారానికెన్నిసార్లు డయాలసిస్‌కి పలాస వెళ్తున్నారో, ఊళ్ళో చుట్టరికాలు చెప్పినంత సులువుగా చెప్పగలదు. నూతి నీళ్ళంటే భయం. కుళాయి నీళ్ళంటే అనుమానం. ఆటోలో వచ్చే డబ్బా నీళ్ళయితే, ఆ డబ్బాని ఆ ఆటోవాడు ఎప్పుడు కడిగాడో దేవుడికే తెలియాలి. అందుకని మొగుణ్ణి ఏటేటా రెండు కోరికలు కోరుతుంది. ఒకటి నీళ్ళ మిషను, రెండోది ఆయన పలాస వచ్చి రక్తపరీక్ష చేయించుకోవడం. సోములు ఏటేటా రెంటికీ ఒకటే జవాబిస్తాడు. అంటే, ఏమీ అనడు.

సోములు జీడితోట, కొబ్బరిచెట్లు చూసుకునే రైతు. ఆయన నోటి నుంచి మాట రావాలంటే జీడిపిక్కల రేటు పడిపోవాలి. పడితే కూడా “ఊఁ” అంటాడు. పెరిగితే అదీ ఉండదు.

టెక్కలిలో డిగ్రీ చదువుతున్న రూపే ఈ ఉపాయం కనిపెట్టింది. అటక మీద ఊరికే పడి ఉన్న తాతయ్య లైటును ‘అటక’ అనే వేలం సైటులో పెడితే, వచ్చిన డబ్బుతో నీళ్ళ మిషను కొనొచ్చు.

“పెద్ద సైట్లలో మన లైటును ఎవడూ సూడడమ్మా. ఇది సిన్నది. పాత సామాన్ల పిచ్చున్నోల్లే ఉంటారు. ఫోటో బాగా తియ్యాలి, ఉన్నదున్నట్టు రాయాలి, మనోల్లందరికీ లింకు పంపాలి. అంతే.”

చిన్నదంటే మరీ అంత చిన్నదని తర్వాత తెలిసింది. ఆ సైటులో ఉన్న జనాన్నంతా పలాస నుంచి టెక్కలి పోయే ఒక్క బస్సులో కూర్చోబెడితే, ఇంకా సీట్లు మిగులుతాయి.

“నాన్నా, లైటు అమ్మీమంటావా?” అని రూప అడిగింది. సోములు లైటు వంక చూశాడు. అటక వంక చూశాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని తోటకి వెళ్ళిపోయాడు. ఆ ఇంట్లో మౌనమంటే ఒప్పుకున్నట్టే. అలా అనుకోకపోతే ఆ ఇంట్లో ఒక్క పనీ కాదు.

ఇక రాత దగ్గర నాగమణి కూతురి పక్కన చతికిలపడింది. “గ్లాసుకి బీటుందని రాయి. పంపు ఒకోపాలి కొట్టుకోదని రాయి. మీ నాన్న సెల్లెలి పెల్లిలో పేలిపోబోయిందని రాయి.”

“పేలిపోనేదు కదా!”

“రేపు ఆడింట్లో పేలితే? కేసు మన మీదకి రాదేటి?”

చివరికది అమ్మకం ప్రకటనలా కాక ప్రమాద హెచ్చరికలా తయారైంది. ఆ లైటు ఊళ్ళో సగం పెళ్ళి ఊరేగింపులకి ముందు నడిచిందనీ, తిత్లీ తుపానప్పుడు రోజుల తరబడి కరెంటు లేకపోతే వీధి వీధంతా దాని చుట్టూ కూర్చుని అన్నాలు తిన్నదనీ రాయడం ఇద్దరికీ తోచలేదు. ఎప్పుడూ ఇంట్లోనే పడి ఉన్నదాని గొప్పలు ఎవరికి గుర్తుంటాయి?

రెండు రోజులు ఎవడూ పాట పాడలేదు. నాగమణికి కొత్త భయం పట్టుకుంది. దొంగోడు కూడా రాలేదే! వేలానికి పెట్టిన సరుకుని దొంగ కూడా వద్దంటే ఇంకేం పరువు? గుండె బరువు దింపుకుందామని పక్కింటి బొడ్డమ్మ దగ్గరికి వెళ్ళింది.

“మా లైటు వేలానికి ఎట్టేరు పిన్నీ. ఏటవుద్దో ఏటో. ఎవురితోనూ అనకు.”

బొడ్డమ్మ మాట నిలబెట్టుకుంది. ఎవరో ఒకరితో అనలేదు. అందరితోనూ అంది.

ఆ ఊళ్ళో వేలం అన్న మాట రెండు చోట్లే వినపడుతుంది. ఒకటి వినాయకుడి లడ్డూ దగ్గర, రెండు బ్యాంకు నోటీసు మీద. చవితి వెళ్ళిపోయి చాలా కాలమైంది. సాయంత్రానికి జనం నోట సోములు ఇంటికి బ్యాంకు నోటీసు వచ్చింది. పొద్దున్నకి జీడితోట కూడా పోయింది. టీకొట్టు దగ్గర ఎవరో ఒకాయన, బ్యాంకువాళ్ళు లైటుతో మొదలెట్టారంటే ఇంట్లో ఇంకేం మిగల్లేదన్నమాట, అని లెక్క తేల్చి టీ తాగేశాడు.

మా వైపు ఒక మర్యాద ఉంది. అప్పులపాలైన ఇంటికి వెళ్ళి అప్పు మాటెత్తకూడదు. చేతిలో ఏదో ఒకటి పట్టుకుని వెళ్ళాలి, వానల గురించి మాట్లాడాలి, ఇంటాయన భుజం మీద చెయ్యి వేయాలి, కళ్ళు తుడుచుకుంటూ రావాలి. తీరని జబ్బు చేసిన ఇంటికి వెళ్ళినా ఇదే మర్యాద. తేడా ఏమీ లేదు. కొంపంటుకుంది ఇక్కడే.

మొదట ఇచ్ఛాపురం నుంచి సోములు అక్క నూకమ్మ దిగింది. నెత్తి మీద బియ్యం మూట, చేతిలో ఎండుచేపల సంచీ. గుమ్మంలోనే తమ్ముణ్ణి చూసి గుడ్ల నీళ్ళు కుక్కుకుంది.

“ఏటొదినా, ఏడుత్తన్నావు?” అంది నాగమణి.

“ఏటీ నేదమ్మా. కంట్లో ఏటో పడింది. మీకాడ వానలు పడతన్నాయా?”

నాగమణి ఆకాశం చూసింది. మబ్బు తునకైనా లేదు.

తర్వాత పలాస నుంచి నాగమణి తమ్ముడు మురళీమోహన్ వచ్చాడు. జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఫ్యాక్టరీ తనదే అన్నట్టు నడుస్తాడు. రెండు కిలోల జీడిపప్పు బల్ల మీద పెట్టి బావ భుజం మీద చెయ్యి వేశాడు.

“దేనికైనా మేమున్నాం బావా. ధైర్నంగా ఉండు.”

సోములు ఆ చెయ్యి వంక చూశాడు.

వీధిలో వాళ్ళొకరొకరే వచ్చారు. అరటిపళ్ళు, కొబ్బరిబొండాలు, వానలు. ఎప్పుడూ సోములుతో గట్టు తగాదా పడే పెంటయ్య కూడా వచ్చి, “పోన్లే బాబూ, ఆ గట్టు నీదేననుకో,” అని కళ్ళొత్తుకుని వెళ్ళాడు.

అప్పుడు నాగమణికి అంతా అర్థమైపోయింది. పెంటయ్య గట్టు వదులుకున్నాడంటే సోములు ఎక్కువ కాలం బతకడన్నమాట! ఆయనకి జబ్బు సంగతి తెలుసు, ఊరందరికీ తెలుసు, తనకొక్కదానికే చెప్పలేదు. ఎప్పుడో తనకి తెలియకుండా పరీక్ష చేయించుకుని ఉంటాడు. అడిగితే మాత్రం ఆ మనిషి చెబుతాడా?

మర్నాడు పొద్దున్నే సోములు చొక్కా పట్టుకుని పలాస బస్సెక్కించింది. ఆసుపత్రిలో రక్తం తీశారు. ఆయన ఎదురు చెప్పలేదు. ఇన్నేళ్ళుగా రాని మనిషి నోరెత్తకుండా వచ్చాడంటే ఇక అనుమానమేముంది? బస్సులో తిరిగొస్తూ ఏడ్చింది. సోములు కిటికీ వైపు జరిగి ఆవిడకి చోటిచ్చాడు.

“రిపోర్టు సాయంత్రం ఫోన్లోకి వత్తాదన్నారు,” అని నాగమణి ఇంటికొచ్చి అందరికీ చెప్పింది. ఎవరికీ అర్థం కాలేదు. మర్యాదస్తులు కాబట్టి ఎవరూ అడగలేదు.

ఇంట్లో సంతోషంగా ఉన్నది రూప ఒక్కతే. రెండు రోజులు చచ్చినట్టు పడి ఉన్న పాట ఒక్కసారి లేచింది. ఎవరో ముగ్గురు పంతానికి పడ్డారు. సైటులో పేర్లు కనపడవు, పాటదారు ఒకటి, రెండు, మూడు అని ఉంటుందంతే. ఒకడు పెంచితే ఇంకొకడు పెంచుతాడు, మూడోవాడు ఇద్దరి మీదా పెంచుతాడు. “సూసేవా అమ్మా, ఉన్నదున్నట్టు రాస్తే ఎలగుంటాదో!” అంది. పేలిపోబోయిన లైటు కోసం జనం ఇలా కొట్టుకుంటారని తెలిస్తే, ఇంకో రెండు బీటలు కలిపి రాసేది.

పాట ముగిసేది ఆ సాయంత్రమే. నాగమణి దానికోసం చూడ్డం లేదు. రిపోర్టు కోసం చూస్తోంది. ఒకచోట నిలవలేక ఇంటి చుట్టూ తిరిగింది.

నూతి వెనకాల నూకమ్మ ఫోను చెవికి నొక్కుకుని, ఇచ్ఛాపురంలో ఉన్న కొడుకు గణేష్‌తో గుసగుసగా అంటోంది. “ఒదలకురా బాబూ. ఎంతైనా పర్నేదు, ఒదలకు. పోతే మల్లీ రాదు.”

నాగమణి అక్కణ్ణుంచి వీధి వైపు నడిచింది. వీధి అరుగు మీద మురళీమోహన్ ఫోను మీదకి వంగి పళ్ళు కొరుకుతున్నాడు. “ఎవడో సచ్చినోడు నా బావ మీద పగబట్టేడు,” అన్నాడు. పశువుల శాలలో సోములు గడ్డిమోపు మీద కూర్చుని, ఎప్పుడూ జీడిపిక్కల రేటు వినడానికి తప్ప ముట్టని ఫోనుని బొటనవేలితో మెల్లగా నొక్కుతున్నాడు. ఆయన మొహంలో ఏ భావమూ లేదు. ఏ రోజైనా ఉంటే కదా!

రిపోర్టు అందరి ఫోన్లలోకీ వచ్చేసింది, అనుకుంది నాగమణి. తనకి తప్ప.

“అమ్మా!” లోపల్నుంచి రూప కేక. “అయిపోయింది!”

నాగమణి అక్కడికక్కడే కూలబడి ఏడుపందుకుంది. నూతి వెనకాల నూకమ్మ గుండె బాదుకుంది. అరుగు మీద మురళీమోహన్ తలపాగా తీసి నేలకేసి కొట్టాడు.

“లైటు అమ్ముడైపోయింది! మనం అనుకున్నదానికి ఆరింతలు!” అంటూ రూప బయటికొచ్చి, ఆ శోకాలు చూసి ఆగిపోయింది.

“మా పుట్టింటి దీపం బ్యాంకోల్ల పాలైపోనాది!” అని నూకమ్మ.

“ఏ బ్యాంకు?” అంది నాగమణి ఏడుపాపి.

“మీకు నోటీసిచ్చిన బ్యాంకే. నాను పాట పాడి ఇడిపించి తమ్ముడి సేతిలో ఎడదామనుకున్నాను. ఎవడో ఎదవ కడదాకా ఒదల్నేదు!”

మురళీమోహన్ గతుక్కుమన్నాడు. “రెండో పాటదారు నువ్వేనా ఒదినా? నా మీద ఎందుకలా పెంచీసినావు? నానూ బావ కోసమే కదా పాడతన్నాను!”

“నువ్వేటిరా ఆ ఎదవవి?”

“నానొకన్నే కాదు. మూడోవోడు ఇంకోడున్నాడు.”

“నోటీసేటి, ఇడిపించడమేటి?” రూప నెత్తి కొట్టుకుంది. “నీల్ల మిషను కోసం నానే ఎట్టేను వేలానికి. లింకు పంపింది నానే కదా!”

“మరి మీ నాన్న జబ్బు?” అంది నాగమణి.

“జబ్బేటి?” అన్నారు నూకమ్మ, మురళీమోహన్ ఒక్కసారే. వాళ్ళిద్దరూ ఏకాభిప్రాయానికి రావడం అదే మొదలు.

అంతలో రూప ఫోను మోగింది. రిపోర్టు. రూప చదివి, మళ్ళీ చదివి, తల్లి ముందు పెట్టింది. “నాన్నకి ఏటీ నేదు. అంతా బాగుంది. నీల్లు బాగా తాగమన్నారు.”

“ఏ నీల్లు?” అంది నాగమణి వెంటనే. సంతోషం ఆవిడకి అలాగే వస్తుంది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, అంతలోనే అసలు భయం గుర్తొచ్చి, “లైటు కొన్నోడెవుడు? ఊరూ పేరూ సూడు. దొంగోడు కాదు కదా?”

రూప పాట గెలిచిన మూడో పాటదారు చిరునామా తెరిచింది. చదవడం మొదలెట్టింది. మండలం మనదే. ఊరు మనదే. వీధి మనదే. అక్కడ గొంతు తగ్గింది. డోరు నంబరు చదవలేదు. తలెత్తి శాల వైపు చూసింది.

అందరూ చూశారు. సోములు గడ్డిమోపు మీంచి లేవలేదు.

వద్దు అని చెప్పాలంటే నోరు విప్పాలి. పాట పాడాలంటే బొటనవేలు చాలు. నీళ్ళ మిషను కోసమని తాను ఎవరికీ చెప్పకుండా బియ్యం డ్రమ్ములో దాచిన డబ్బుంది. ఆ లైటు ముందు నడవగా తాను పెళ్ళికూతుర్ని ఊళ్ళోకి తెచ్చుకున్నాడు. తుపాను రోజుల్లో ఆ పెళ్ళికూతురే ఆ లైటు పట్టుకుని, గంటకోసారి పిల్లనీ, మొగుణ్ణీ, గేదెల్నీ లెక్కపెట్టుకుంది. ఇవన్నీ చెప్పాలంటే చాలా మాటలు ఖర్చవుతాయి. అక్కకీ బావమరిదికీ ఎదురుపాడటమే చవక పడింది.

“ఓయయ్యా,” అంది నాగమణి శాల గుమ్మంలో నిలబడి. “మన లైటు మనమే కొనుక్కుంటే, ఆ సైటోల్లకి కమీషను ఎవుడివ్వాలి? ఆరింతలు పాడేవు. ఆ డబ్బులిత్తావా, పారిపోతావా? నీల్ల మిషను వత్తాదా, రాదా?”

గేదె నెమరేసింది. నూకమ్మ ముక్కు చీదింది. మురళీమోహన్ నేల మీది తలపాగా తీసి దులుపుకున్నాడు. వీధిలో ఎవరో మరో అరటిగెల పట్టుకుని, వానల గురించి మాట్లాడ్డానికి వచ్చి, లోపలి మనుషుల్ని చూసి వెనక్కి తిరిగారు. రూప ఫోనులో ‘అటక’ వాళ్ళు, విజయవంతంగా అమ్మినందుకు అభినందనలు, అని ఒక పూలగుత్తి బొమ్మ పంపారు. పొద్దు వాలింది. నాగమణి గుమ్మం వదల్లేదు.

చివరికి సోములు గొంతు సవరించుకున్నాడు.

“కొన్నోడు ఎక్కడికీ పారిపోడు. మిషను రేపు తెత్తాడు. డెలివరీ సార్జీలు మాత్రం ఇవ్వడు.”