సాక్ష్యం చెప్పిన పన్ను

అది 1986 మార్చి, రెండో శనివారం. సత్తెనపల్లిలో బడికి సెలవు. పెసరట్లు తిని, అరుగు మీద కూర్చుని తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దెయ్యాలని జయరావు మాస్టారు అనుకున్నాడు. మొదటి ముక్క కొరకగానే కుడివైపు దవడ పన్ను జివ్వుమంది. ఆరు నెలల క్రితం గుంటూరులో రూట్ కెనాల్ చేయించుకున్న పన్ను!

ఇంకో పన్నయితే ఊరంతా వినపడేలా అరిచేవాడే. దీని సంగతి వేరు. "పీకించి పారెయ్యక ఎందుకురా ఈ గోల?" అని తోటి టీచరు బాలస్వామి ఎగతాళి చేస్తే, పంతానికి పోయి చేయించుకున్నాడు. అంతటితో ఊరుకోక ఆదివారం చర్చి ఆరాధనలో లేచి, దేవుడు డాక్టరు చేత నరం తీయించాడనీ, ఈ పన్నుకిక జన్మలో నొప్పి రాదనీ సాక్ష్యం కూడా చెప్పాడు. ఇప్పుడు అబ్బా అంటే బాలస్వామి ముందు పరువేం కావాలి? ప్రాణం పోయినా బయటపడకూడదని పళ్ళు బిగించబోయి, నొప్పికి మానుకున్నాడు.

"అదేంటండీ, తినకుండా లేచారు?" అంది భార్య సంతోషకుమారి.

"ఇవ్వాళ తిననులే."

అసలే ఈస్టరుకు ముందు భక్తులు ఉపవాసాలుండే శ్రమదినాలు. "ఉపవాసమా!" అని ఆవిడ మురిసిపోయింది. నోరు తెరవలేక మాస్టారు తలూపాడు.

పది గంటలకల్లా కబురు పాస్టరు జక్రయ్యగారికి చేరింది. మధ్యాహ్నానికి బాలస్వామితో సహా సంఘమంతా ప్రార్థనకని వాళ్ళింట్లో దిగింది. నొప్పికి మాస్టారి కళ్ళు ధారలు కడుతుంటే అది భక్తి అనుకుని ఆడవాళ్ళూ కన్నీళ్ళు పెట్టుకున్నారు. కళ్ళాల్లో మిరపకాయలు ఏరుతూ చేతులైనా కడుక్కోకుండా వచ్చినవాళ్ళు కళ్ళు తుడుచుకోబోయి మరింత ఏడ్చారు. ఆ ఏడుపు చూసి పాస్టరుగారు కదిలిపోయారు.

"మాస్టారితో పాటు మనమందరం మూడు రోజులు ఉపవాసముందాం!" అన్నారు.

బుగ్గన పెట్టిన లవంగం పనిచేసిందో ఏమో, సాయంత్రానికి నొప్పి తగ్గి ఆకలి లేచింది. వంటింట్లో పొయ్యి అలికి ముగ్గు పెట్టేసి ఉంది. పరువు తర్వాత, ముందు అన్నం అని నిశ్చయించుకుని, మాస్టారు ఇంకా ప్రార్థనలోనే ఉన్న అందరి ముందూ నిలబడ్డాడు.

"అయ్యగారూ, నాది ఉపవాసం కాదండి. పన్ను నొప్పండి. ఆ రూట్ కెనాల్ పన్నేనండి!"

బాలస్వామి ఇక నవ్వుతాడని మాస్టారు తల వంచుకున్నాడు. పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు.

"చూశారా! ఉపవాసం నలుగురికీ చాటుకోకూడదని ఎంత వంక పెడుతున్నారో!"

"వంక కాదండీ, నిజమండీ!"

బాలస్వామి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "ఊరుకోరా. నరమే లేని పన్నుకి నొప్పెక్కడిది? ఇన్నాళ్ళూ నిన్ను ఆడిపోసుకున్నాను, క్షమించరా," అన్నాడు కన్నీళ్ళతో.

ఉపవాసాన్ని ఏడు రోజులకు పొడిగించారు.